ముప్పై ఏళ్ల తోట, రాత్రికి రాత్రి మారే సుంకం

దిగుమతులు తగ్గాలి, తోటలు వేయమని చెప్పింది ప్రభుత్వం. ఆ దిగుమతుల మీద సుంకాన్ని ఎక్కించేదీ దించేదీ ప్రభుత్వమే. ఈ రెండింటి మధ్య గోదావరి మెట్ట పామాయిల్ రైతు మూడు దశాబ్దాలుగా నలుగుతూనే ఉన్నాడు.

2024 సెప్టెంబరు 14న ముడి పామాయిల్ దిగుమతి మీద సుంకం సెస్సులతో కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది. ఏలూరు జిల్లా మెట్టలోనూ, తెలంగాణ సరిహద్దు అవతల అశ్వారావుపేట, దమ్మపేట తోటల్లోనూ రెండేళ్లుగా దిగులుగా ఉన్న రైతులు ఊపిరి పీల్చుకున్నారు. ప్రపంచ మార్కెట్ కూడా తోడవడంతో ఆ తర్వాతి నెలల్లో టన్ను గెలల ధర ఎక్కుతూ వచ్చింది. ఎరువు బాకీలు కొన్ని తీరాయి. కొత్తగా మొక్కలు వేద్దామనుకుని ఆగిపోయినవాళ్లు నర్సరీల వైపు చూశారు. ఆ సంతోషం తొమ్మిది నెలలు కూడా నిలవలేదు. 2025 మే 30న కేంద్రం అదే సుంకాన్ని 16.5 శాతానికి దించేసింది. వానలు పడి గెలలు ఎక్కువగా దిగే కాలం ముంగిట్లో ఉండగా ధర మళ్లీ కిందికి చూసింది. పెంచినప్పుడు ఎందుకు పెంచారో, తగ్గించినప్పుడు ఎందుకు తగ్గించారో తోటలో ఉన్న రైతుకు చెప్పినవాళ్లు లేరు.

దీన్ని ఒక ఏడాది కష్టంగా చూస్తే అసలు సంగతి అర్థం కాదు. ఇది ముప్పై ఏళ్లుగా సాగుతున్న కథ. పామాయిల్ చెట్టు పాతిక, ముప్పై ఏళ్లు నిలబడి కాస్తుంది. ఆ కాలంలో ఢిల్లీ దిగుమతి విధానం ఇరవై సార్లకు పైగా మారుతుంది. నాటిన రోజున ఉన్న లెక్క గెల చేతికొచ్చే రోజుకు ఉండదు. అది ఎటు మారుతుందో ముందుగా ఊహించే దారి కూడా రైతుకు లేదు.

తోటలు వేయించిందెవరు?

గోదావరి మెట్టకు పామాయిల్ తనంతట తాను రాలేదు. 1980ల్లో దేశం వంటనూనెల కోసం విదేశాలకు పోసే డబ్బు ఏటేటా పెరుగుతుండటంతో 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ మొదలైంది. నీటి వసతి ఉన్న నేలల్లో ఆయిల్‌పామ్ వేయవచ్చని కె.ఎల్. చద్దా నాయకత్వంలోని కమిటీ చెప్పింది. అలా గుర్తించిన ప్రాంతాల్లో అప్పటి పశ్చిమ గోదావరి మెట్ట ముఖ్యమైనది. 1992లో కేంద్రం ఆయిల్‌పామ్ అభివృద్ధి కార్యక్రమం ప్రకటించింది. మరుసటి ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆయిల్‌పామ్ ఉత్పత్తి, ప్రాసెసింగ్‌ను క్రమబద్ధం చేసే చట్టం వచ్చింది. 1995లో ఈ పంట కోసమే పెదవేగిలో జాతీయ పరిశోధన కేంద్రం వెలిసింది.

పొగాకు ధరలతో విసిగినవాళ్లు, కూలీల కొరతతో ఇబ్బంది పడుతున్నవాళ్లు, బోరు కింద నికరంగా ఏదో ఒక ఆదాయం ఉంటే చాలనుకున్నవాళ్లు ఈ పంట వైపు మళ్లారు. కోతులు పాడు చేయవు, దొంగలు ఎత్తుకుపోరు, గాలివానకు వరిలా పడిపోదు, నెలనెలా డబ్బు చేతికొస్తుంది అని అధికారులు చెప్పిన మాటల్లో నిజం ఉంది. మొక్కకు రాయితీ ఇచ్చారు, డ్రిప్పుకు రాయితీ ఇచ్చారు. కామవరపుకోట, చింతలపూడి, జంగారెడ్డిగూడెం, ద్వారకాతిరుమల మండలాల్లో తోటలు పరుచుకున్నాయి. నేడు దేశంలో పండే పామాయిల్‌లో 98 శాతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కేరళ రాష్ట్రాలదే. అందులోనూ సింహభాగం మన రెండు రాష్ట్రాలది.

అంత పండించినా దేశం వాడకంలో అది చిటికెడే. మనం ఏటా సుమారు 150 లక్షల టన్నుల వంటనూనెలు దిగుమతి చేసుకుంటున్నాం. అందులో సగానికి అటూఇటూ ఇండోనేషియా, మలేసియాల నుంచి వచ్చే పామాయిలే. కాబట్టి ఇక్కడి ధరను ఇక్కడి పంట నిర్ణయించదు. కాకినాడ, కృష్ణపట్నం రేవుల్లో దిగే నూనె ఎంతకు పడుతుందో, దాని మీద ఢిల్లీ ఎంత సుంకం వేస్తుందో, ఆ రెండూ కలిసి చింతలపూడి గెల ధరను నిర్ణయిస్తాయి.

గెల కోసిన 24 గంటలు

ఈ పంటలో రైతు చేతులు ఎలా కట్టేసి ఉంటాయో తెలియాలంటే ఒక కోతను దగ్గర నుంచి చూడాలి.

పది పదిహేను రోజులకోసారి కోత వస్తుంది. చిన్న చెట్లయితే పొడవాటి ఉలితో కాడ మీద పోటు వేస్తారు. ఇరవై ఏళ్లు దాటి ఎత్తుగా పోయిన చెట్లకు అల్యూమినియం గడకు కొడవలి బిగించి, మెడ వెనక్కి వాల్చి, ముందు మట్ట నరికి తర్వాత గెల కోస్తారు. పదిహేను, ఇరవై, ఒక్కోసారి పాతిక కిలోల గెల ముళ్లతో సహా ధబ్బున కింద పడుతుంది. గడ పట్టినవాడు అదే క్షణంలో పక్కకు తప్పుకోవాలి. గెల పడగానే పండిన కాయలు నారింజ ఎరుపు రంగులో చుట్టూ చెదురుతాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరి సంచిలో వేయడం మరో మనిషి పని. నూనె ఎక్కువగా ఉండేది ఆ రాలిన పండ్లలోనే. ఈ పనికి నేర్పరులు తక్కువ, కూలి ఎక్కువ. చెట్టు ఎదిగేకొద్దీ టన్నుకు కోత ఖర్చు పెరుగుతూనే ఉంటుంది.

కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి. లేకపోతే లోపలి నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. ధాన్యమైతే నెల రోజులు బస్తాల్లో ఆపుకోవచ్చు, మిర్చి అయితే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవచ్చు. గెలను ఆపుకునే వీలు లేదు. పోనీ కోయకుండా చెట్టునే ఉంచుదామంటే పండ్లన్నీ రాలిపోతాయి. ధర బాగాలేదని పక్క ఊరి ఫ్యాక్టరీకి తీసుకెళ్లే దారి కూడా లేదు. చట్టం ప్రకారం ప్రతి మండలాన్ని ఒక ఫ్యాక్టరీకి కేటాయించారు. రైతు అక్కడే అమ్మాలి, ఆ ఫ్యాక్టరీ ప్రభుత్వం ప్రకటించిన ధరకు కొనాలి. కొనేవాడు లేడన్న భయం లేకుండా ఈ ఏర్పాటు రైతును కాపాడిన మాట నిజమే. బేరం ఆడే వీలు లేకుండా చేసిందీ ఇదే.

అందుకే నెల తిరిగేసరికి తోటల్లో, కలెక్షన్ సెంటర్ల కాటా దగ్గర, టీ కొట్ల దగ్గర ఒకటే మాట: ఈ నెల రేటు ఎంత? ఆ రేటు వచ్చేసరికి ముందు నెల గెలలు ఎప్పుడో నూనె అయిపోయి ఉంటాయి.

నీళ్ల లెక్క వేరే. వేసవిలో ఒక్కో చెట్టుకు రోజుకు 200 లీటర్లకు పైగా నీళ్లు కావాలి. ఎకరాకు 57 చెట్లు. అంటే ఎకరాకు రోజుకు పదకొండు వేల లీటర్ల పైమాటే. మెట్టలో బోర్లు ఏటేటా లోతుకు పోతున్నాయి. ఒక వేసవి నీళ్లు చాలకపోతే ఆ దెబ్బ ఏడాది, రెండేళ్ల తర్వాత గెలల్లో కనిపిస్తుంది. ఈ మధ్య సంవత్సరాల్లో తెల్లదోమ, ఆకుల మీద మసి అదనపు బెడదలు. వీటన్నిటికీ ఖర్చు పెట్టి నిలబెట్టుకున్న గెలకు ధర మాత్రం తన చేతిలో లేని లెక్కల మీద ఆధారపడి ఉంటుంది.

ఒక చెట్టు బతుకులో ఎన్ని సుంకాలు

1993లో నాటిన ఒక తోటను తీసుకుందాం. అప్పటికి వంటనూనెల దిగుమతి ప్రభుత్వ సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతిలో ఉండేది. బయటి నూనె ఎంత రావాలో ప్రభుత్వమే నిర్ణయించేది. వంటనూనెల్లో దేశం దాదాపు స్వయం సమృద్ధి సాధించిందని చెప్పుకున్న రోజులవి. ఆ ధీమాతోనే రైతు మొక్క నాటాడు.

మొక్కకు ఏడాది నిండగానే, 1994లో, పామోలిన్ దిగుమతిని ప్రైవేటు వ్యాపారులకు వదిలేశారు. సుంకం 65 శాతం. 1995లో 30 శాతం. 1996లో 20 శాతం. తోట నిండు కాపుకు వచ్చే వేళకు, 1998లో, 15 శాతం. నాటేటప్పుడు ఉన్న రక్షణ గోడ గెలలు కోసేటప్పటికి లేదు. 1990ల చివర అంతర్జాతీయ ధరలు కూడా పడిపోవడంతో విదేశీ నూనె వరదలా వచ్చిపడింది. చాలాచోట్ల రైతులు తోటలు తీసేశారు. పామాయిల్ చెట్టును తీయడం మాటలు కాదు. పెద్ద యంత్రంతో కూల్చాలి, మొద్దు కుళ్లేదాకా ఆగాలి, అందులో కొమ్ము పురుగులు చేరి పక్క తోటలకు పాకకుండా చూసుకోవాలి. అయినా తీసేశారు.

అప్పుడు ప్రభుత్వం మేలుకుంది. సుంకాలు పెంచుకుంటూ పోయి 2001 బడ్జెట్ నాటికి ముడి పామాయిల్‌పై 75 శాతానికి చేర్చింది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో పామాయిల్‌పై 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు భారత్‌కు ఉంది. సోయా నూనె మీద మాత్రం ఆ హద్దు 45 శాతమే. కాబట్టి రైతును కాపాడాలనుకుంటే అంతర్జాతీయ నిబంధనలు అడ్డురాలేదు. అడ్డొచ్చింది మన సొంత తొందరే.

2008లో ప్రపంచమంతా ఆహార ధరలు మండాయి. ఏప్రిల్‌లో ముడి పామాయిల్‌పై సుంకాన్ని సున్నా చేశారు. కొన్నాళ్లకు అంతర్జాతీయ ధర కుప్పకూలింది. ధర మండినప్పుడు తీసేసిన సుంకాన్ని ధర పడిపోయినప్పుడు తిరిగి పెట్టాలి. పెట్టలేదు. ఆ సున్నా 2013 దాకా కొనసాగింది. ఆ తర్వాత 2.5 శాతం, 7.5 శాతం, 12.5 శాతం, మళ్లీ 7.5 శాతం. 2017లో ఆగస్టులో 15, నవంబరులో 30. 2018 మార్చిలో 44 శాతం. 2019 జనవరిలో 40. 2020 జనవరిలో 37.5, నవంబరులో 27.5. 2021లో ఒక్క ఏడాదిలోనే నాలుగుసార్లు మార్చి అక్టోబరు నాటికి 8.25 శాతానికి, 2022 ఫిబ్రవరికి 5.5 శాతానికి దించారు.

1993లో నాటిన చెట్టు ఈపాటికి ముదిరి కొట్టేసే వయసుకు వచ్చింది. తన బతుకంతా అది ఒకేలా కాసింది. దాని యజమాని మాత్రం రెండేళ్లు వరసగా ఒకే విధానం కింద పంట అమ్ముకున్న సందర్భాలు చాలా తక్కువ. ఒకే విధానం నాలుగైదేళ్లు నిలిచింది సుంకం సున్నాగా ఉన్నప్పుడే.

2022 నాటి ఉదంతం మరీ బాధాకరం. ఉక్రెయిన్ యుద్ధం, ఏప్రిల్ చివర ఇండోనేషియా పెట్టిన ఎగుమతి నిషేధం కలిసి ధరలను ఆకాశానికి ఎత్తాయి. టన్ను గెలలు 23 వేల దాకా పలికాయి. ఆ ఏడాది వచ్చిన ధర చూసి ఎందరో కొత్తగా నాటారు. నిషేధం మే నెలలోనే ఎత్తేశారు. నిల్వలు ఒక్కసారిగా బయటికొచ్చి, అంతర్జాతీయ ధర సెప్టెంబరుకల్లా సగానికి పడింది. ఇక్కడ గెల ధర 13 వేల దగ్గరికి జారింది. సుంకం 5.5 శాతం దగ్గరే ఆగిపోయింది. ప్రపంచ ధర పడిపోయాక కూడా రెండేళ్ల పాటు దాన్ని పెంచలేదు. ఎరువుల ధరలు, కోత కూలి మాత్రం 23 వేల రోజుల దగ్గరే ఉండిపోయాయి.

సుంకం వెనక ఎన్ని చేతులు

సుంకం మారడానికి ప్రతిసారీ ఒక కారణం చెబుతారు. ఆ కారణాలు వరసగా పెట్టి చూస్తే రైతు ఎంత దూరంలో ఉన్నాడో తెలుస్తుంది.

ఆసియాన్ దేశాలతో వస్తువుల వాణిజ్య ఒప్పందం 2010 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో పామాయిల్‌ను ప్రత్యేక వస్తువుగా ఉంచినా, 2019 చివరికల్లా ముడి నూనెపై సుంకం 37.5 శాతానికి, శుద్ధి చేసిన నూనెపై 45 శాతానికి మించకూడదని ఒప్పుకున్నాం. 2020 జనవరిలో 37.5 అన్న అంకె వచ్చింది అక్కడి నుంచే. ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు మొక్క నాటినవాడికి, పదేళ్ల తర్వాత తన గోడ ఎత్తు ఎంతో అప్పుడే రాసిపెట్టారన్న సంగతి తెలియదు.

అదే 2020 జనవరిలో శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చారు. కశ్మీర్ మీద, పౌరసత్వ చట్టం మీద అప్పటి మలేసియా ప్రధాని మహతీర్ మహమ్మద్ చేసిన వ్యాఖ్యలతో రెండు దేశాల మధ్య మాటలు పెరిగిన సమయమది. ఏడాదిన్నర తర్వాత వంటనూనెల ధరలు పెరిగేసరికి ఆ ఆంక్షలు ఎత్తేశారు. దౌత్యం వేడెక్కితే రైతుకు మేలు, చల్లబడితే నష్టం. ఏ పంటైనా ఇలా ఎన్నాళ్లు నిలుస్తుంది?

దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఇంకో దారి తెరిచింది. పామాయిల్ చెట్టు పెంచని నేపాల్ నుంచి శుద్ధి చేసిన వంటనూనెలు సుంకం లేకుండా మన దేశంలోకి వస్తాయి. మనం సుంకం ఎంత పెంచితే ఈ దారిలో వచ్చే నూనెకు అంత లాభం. 2024 సెప్టెంబరు పెంపు తర్వాత ఈ రాక బాగా పెరిగింది. ఇక శుద్ధి కర్మాగారాల గోడు వేరు. ముడి నూనెకూ శుద్ధి చేసిన నూనెకూ మధ్య సుంకంలో తేడా తక్కువైతే తమ యంత్రాలు ఖాళీగా ఉంటాయని అవి చెబుతూ వచ్చాయి. 2025 మేలో ముడి నూనెపై సుంకం తగ్గించి ఆ తేడాను 19.25 శాతానికి పెంచినప్పుడు కేంద్రం చెప్పిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. తేడా పెరగాలంటే శుద్ధి చేసిన నూనెపై పెంచవచ్చు, లేదా ముడి నూనెపై తగ్గించవచ్చు. రెండో దారే ఎంచుకున్నారు. ఆ ఎంపిక భారం గెలల మీద పడింది. సుంకం తిరిగి పెంచాలని తెలంగాణ వ్యవసాయ మంత్రి తుమ్మల నాగేశ్వరరావు కేంద్రాన్ని కోరారు.

ధర సూత్రం, అందులోని లోటు

2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో వంటనూనెల జాతీయ మిషన్‌ను ఆయిల్‌పామ్ కోసం ప్రకటించింది. 2025-26కల్లా మరో 6.5 లక్షల హెక్టార్లలో తోటలు వేయించాలన్నది లక్ష్యం. హెక్టారుకు మొక్కల సాయాన్ని 12 వేల నుంచి 29 వేలకు పెంచింది. మొదటిసారిగా ధరకు ఒక హామీ కూడా ఇచ్చింది. ఫ్యాక్టరీలు ముడి నూనె ధరలో 14.3 శాతాన్ని గెలల ధరగా చెల్లించాలి. గడిచిన ఐదేళ్ల ముడి నూనె సగటు ధరను టోకు ధరల సూచీతో సరిచేసి, దానిలో 14.3 శాతాన్ని లాభసాటి ధరగా ప్రకటిస్తారు. ఫ్యాక్టరీ చెల్లించే ధర దీనికంటే తగ్గితే తేడాను ప్రభుత్వం నేరుగా రైతు ఖాతాలో వేస్తుంది. ఇది మంచి ఆలోచన. ముప్పై ఏళ్లలో వచ్చిన మొదటి మంచి ఆలోచన అని కూడా అనవచ్చు.

ఈ సూత్రంలో సుంకం రైతు జేబును ఎలా తాకుతుందో చూద్దాం. రేవులో సుంకం లేని ముడి నూనె టన్ను 90 వేలు అనుకుందాం. సుంకం 27.5 శాతమైతే ఆ నూనె 1,14,750 అవుతుంది. అందులో 14.3 శాతం అంటే గెలలు టన్ను 16,409 రూపాయలు. సుంకం 16.5 శాతమైతే గెలలు 14,994. సుంకం 5.5 శాతమైతే 13,578. ఎకరాకు ఎనిమిది టన్నుల చొప్పున ఐదెకరాల రైతు ఏడాదికి 40 టన్నులు తోలతాడు. 27.5 నుంచి 16.5కు దిగితే అతనికి పోయేది 56 వేల పైచిలుకు. 27.5కూ 5.5కూ మధ్య తేడా లక్షా 13 వేలు. ప్రపంచ ధర ఒక్క పైసా కదలకపోయినా, తోటలో ఒక్క గెల తగ్గకపోయినా, కేవలం ఒక ఉత్తర్వుతో ఒక చిన్న రైతు ఏడాది ఆదాయంలో వచ్చే తేడా ఇది. పిల్లవాడి కాలేజీ ఫీజు అంత. కొత్త బోరు ఖర్చు అంత.

లాభసాటి ధర ఈ నష్టాన్ని పూడుస్తుందా? ఆ సూత్రం చూసేది నూనె ధరను. రైతు పెట్టిన ఖర్చు అందులో లేదు. ఐదేళ్ల సగటులో సుంకం సున్నాకు దగ్గరగా ఉన్న ఏళ్లు కలిస్తే సగటే కిందికి దిగుతుంది. అంటే ప్రభుత్వం సుంకం తగ్గించి ధర పడగొట్టిన కాలమే రేపటి హామీ ధరను కూడా కుదిస్తుంది. కనీస మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో ఆయిల్‌పామ్ లేదు. వరి, పత్తి, మొక్కజొన్న రైతులకు కాగితం మీదైనా ఉన్న ఆ ఆసరా ఈ రైతుకు లేదు.

దీనికి తోడు ఏ ఫ్యాక్టరీలో గెల నుంచి ఎంత నూనె దిగింది అన్న లెక్క. దాన్ని ఓఈఆర్ అంటారు, గెల ధర దాని మీద కూడా ఆధారపడుతుంది. రాష్ట్ర విభజన తర్వాత అశ్వారావుపేట, అప్పారావుపేట ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీల్లో నమోదైన శాతం ఎక్కువగా ఉండటంతో తెలంగాణ రైతుకు ధర ఎక్కువ వచ్చింది. కూతవేటు దూరంలో ఉన్న ఆంధ్ర రైతు అదే రకం మొక్క, అదే రకం నేల, అదే బోరు నీళ్లతో పండించి తక్కువ తీసుకున్నాడు. ఏళ్ల తరబడి ధర్నాలు, వినతిపత్రాల తర్వాత ఆ తేడా పూడ్చేందుకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డబ్బు విడుదల చేయాల్సి వచ్చింది. ఢిల్లీలో కోత పడ్డాక మిగిలిన దాంట్లో కూడా ఫ్యాక్టరీ గేటు దగ్గర రైతు పోరాడాల్సి రావడం అన్యాయం.

సెస్సు సంగతి కూడా చెప్పాలి. 2021 బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని విడగొట్టి వ్యవసాయ మౌలిక వసతుల పేరిట ఒక సెస్సు పెట్టారు. 2022 నుంచి 2024 దాకా ముడి పామాయిల్‌పై ఉన్న 5.5 శాతం మొత్తం సెస్సులే. అసలు సుంకం సున్నా. సెస్సుల్లో రాష్ట్రాలకు వాటా ఉండదు. ఇండోనేషియా తన పామాయిల్ ఎగుమతులపై వసూలు చేసే లెవీని ఒక ప్రత్యేక నిధిలో వేసి, అందులోంచి ముదురు తోటలు తీసి కొత్తవి నాటుకునే చిన్న రైతులకు సాయం ఇస్తుంది. మన దగ్గర దిగుమతి పామాయిల్ మీద వ్యవసాయం పేరుతో వసూలైన డబ్బు పామాయిల్ రైతుకే చేరాలన్న నియమం లేదు. 1990ల్లో నాటిన తోటలన్నీ ఇప్పుడు తిరిగి నాటాల్సిన దశలో ఉన్నాయి. తిరిగి నాటితే మూడు నాలుగేళ్లు ఆదాయం ఉండదు.

వంటింటి మాట కాదనలేనిది

సుంకం తగ్గించేవాళ్ల వైపు కూడా ఒక న్యాయం ఉంది. దాన్ని దాటేసి రైతు గురించి మాట్లాడితే అది సగం నిజమే అవుతుంది. పామాయిల్ పేదల నూనె. ఉమ్మడి రాష్ట్రంలో రేషన్ దుకాణాల్లో ఇచ్చిన పామాయిల్ ప్యాకెట్‌తో వంట నేర్చిన ఇళ్లు లక్షల్లో ఉన్నాయి. బజ్జీల బండి, బిస్కెట్ల ఫ్యాక్టరీ, హాస్టల్ వంటశాల, పెళ్లి భోజనం ఏదీ అది లేకుండా నడవదు. లీటరుకు పది రూపాయలు పెరిగితే కూలి మీద బతికే ఇంట్లో కూరలో నూనె తగ్గుతుంది. ఆ తల్లి కష్టం నిజం. ఆమెను చూసి సుంకం తగ్గించడం తప్పని అనలేం.

రైతు అడిగేది వేరు. 2021లో సుంకాన్ని వరసగా తగ్గించినా దుకాణంలో నూనె ధర ఏడాదంతా మండుతూనే ఉంది. కారణం ప్రపంచ ధర అంతకంటే వేగంగా పెరగడమే. 2022 సెప్టెంబరు తర్వాత ఆ ధర పడిపోయింది. అప్పుడు సుంకాన్ని కాస్త పెంచినా వంటింటికి భారమయ్యేది కాదు, తోటకు ప్రాణం నిలిచేది. అది జరగలేదు. ధర పెరిగినప్పుడు కొనేవాడి కోసం వెంటనే కదిలే చెయ్యి ధర పడినప్పుడు పండించేవాడి కోసం కూడా అంతే త్వరగా కదలాలి. ముప్పై ఏళ్ల చరిత్రలో పదేపదే కనిపించే లోపం ఇదే. తగ్గించడంలో ఉన్న తొందర పెంచడంలో లేదు.

మరో సంగతి. దిగుమతుల మీద ఆధారపడటం తగ్గించాలన్నది దేశ అవసరమని 1986లో చెప్పారు, 1992లో చెప్పారు, 2021లో చెప్పారు. దేశ అవసరం కోసం ముప్పై ఏళ్ల పెట్టుబడి పెట్టమని అడిగినప్పుడు, దాని నష్టభయాన్ని ఐదెకరాల రైతు ఒక్కడి మీద వదిలేయడం ఏ విధంగా న్యాయం? ఇప్పుడు తెలంగాణలో ఉత్తర, దక్షిణ జిల్లాల్లో కూడా ఆయిల్‌పామ్ వేయిస్తున్నారు. వరి నుంచి మళ్లమని చెబుతున్నారు. ఏలూరు మెట్ట పడిన కష్టం అక్కడికి కూడా వెళ్లకుండా చూడాల్సిన సమయం ఇదే, ఆ మొక్కలు కాపుకు రాకముందే.

దారి కొత్తది కాదు

పరిష్కారం ఎవరూ చెప్పనిది కాదు. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ 2012లోనే ఆయిల్‌పామ్ ధరపై ఇచ్చిన నివేదికలో ఒక మాట చెప్పింది. దిగుమతి పామాయిల్ ధర టన్నుకు 800 డాలర్ల కంటే తగ్గితే సుంకం దానంతట అదే మొదలవ్వాలి. అంకె నేటి ఖర్చులకు తగ్గట్టు మార్చుకోవచ్చు. ఆ పద్ధతిలోని బలం వేరే ఉంది. ప్రపంచ ధర పెరిగితే సుంకం తగ్గుతుంది, వంటింటికి ఊరట. ధర పడితే సుంకం పెరుగుతుంది, తోటకు ఊరట. ఎన్నికలు, పండుగలు, దౌత్య గొడవలు, వ్యాపారుల ఒత్తిడి దాని మీద పనిచేయవు. అందరికీ ముందే తెలిసిన ఒక పట్టిక ఉంటుంది. దిగుమతిదారుకూ స్పష్టత, ఫ్యాక్టరీకీ స్పష్టత, రైతుకూ స్పష్టత. మలేసియా తన ముడి పామాయిల్ ఎగుమతి సుంకాన్ని ఇలాగే నెలనెలా ధర ఆధారంగా పట్టిక ప్రకారం నిర్ణయిస్తుంది. అమ్మే దేశానికి సాధ్యమైనది కొనే దేశానికి ఎందుకు సాధ్యం కాదు?

దానితోపాటు మరో మూడు జరగాలి. లాభసాటి ధర లెక్కలో సాగు ఖర్చుకు చోటు ఇవ్వాలి. దిగుమతి పామాయిల్ మీద వసూలైన వ్యవసాయ సెస్సులో ఒక భాగాన్ని ముదురు తోటలు తిరిగి నాటే రైతులకు, ఆదాయం లేని మూడు నాలుగేళ్లకు ఆసరాగా కేటాయించాలి. రెండు రాష్ట్రాలూ నూనె శాతాన్ని రైతు ప్రతినిధుల సమక్షంలో కొలిచి, ఒకే పద్ధతిలో ప్రకటించాలి. ఏదీ ఖజానాను కుదిపేసే ఖర్చు కాదు. ఏటా వంటనూనెల దిగుమతికి దేశం లక్ష కోట్లకు పైగా పోస్తోంది. దాని పక్కన ఇవి చిన్న మొత్తాలు.

ఈలోగా వెంటనే చేయగలిగింది ఒకటుంది. సుంకం తగ్గించే ప్రతి ఉత్తర్వుతోపాటు, ఆ తగ్గింపు వల్ల గెల ధర ఎంత పడుతుందో, ఆ తేడా రైతు ఖాతాలో ఏ నెలలో పడుతుందో చెప్పే ఉత్తర్వు కూడా అదే రోజు రావాలి. వినియోగదారుడికి చవక నూనె ఇవ్వాలనుకుంటే ప్రభుత్వం తన డబ్బుతో ఇవ్వాలి. ఇన్నాళ్లూ ఆ చవకకు మూల్యం చెల్లించింది చింతలపూడి, కామవరపుకోట, అశ్వారావుపేట, దమ్మపేట రైతులు. ఇక మీదట చెల్లించాల్సింది విధానం రాసేవాళ్లు.